అరవై షాట్ల సారు, ముప్పై షాట్ల భుజం

సార్ అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు వద్దన్నారు, ఊరి పేరు రాసుకోమన్నారు. "తిరుపతిలో తుపాకి కాల్చే ముసలాయన అంటే తెలియని వాళ్లెవరమ్మా" అని నవ్వి, మళ్లీ ఆయనే "పోనీలే, రాయి" అన్నారు.

నేను ఫిజియోథెరపిస్టుని. బైరాగిపట్టెడలో చిన్న క్లినిక్. నా దగ్గరికొచ్చే వాళ్లలో ఎక్కువ మందివి మోకాళ్లే. అలిపిరి మెట్లు 3,550 ఎక్కి, బస్సు దొరకలేదనో మొక్కుకున్నామనో నడిచే దిగి, మర్నాడు కుంటుతూ వస్తారు. (చెరుపు చేసేది ఎక్కడం కాదు, దిగడం. ఆ సంగతి ఇంకోసారి.) షూటర్ భుజం చూడటం మాత్రం నాకిదే మొదలు. అందుకే తప్పులు కూడా చేశాను, అవీ రాస్తాను.

2024 ఆగస్టు మొదటి వారం. పారిస్ ఒలింపిక్స్ నడుస్తున్నాయి. మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చేసింది. టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ జేబులో చెయ్యి పెట్టుకుని, మామూలు కళ్లద్దాలతో నిలబడి కాల్చిన ఫోటో అందరి ఫోన్లలో తిరుగుతోంది. సార్ లోపలికొస్తూనే ఆ ఫోటో చూపించారు. "ఈయనకి 51 అంట. నాకు 66. పదహైదేండ్లు తేడా. ఈ భుజం ఇంకో పదహైదేండ్లు పని చేస్తాదా చెయ్యదా, అది చెప్పండి."

సార్ చంద్రగిరి దగ్గర జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్పి 2018లో రిటైరయ్యారు. ఇప్పటికీ బజార్లో "అయివోరూ" అని కేకేసి ఆటో ఆపే శిష్యులున్నారు. 2012లో లండన్‌లో గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చినప్పుడు టీవీ ముందు కూర్చున్న మనిషి, ఆ ఏడాదే, అంటే 54వ ఏట, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పట్టారు. అప్పట్నుంచి వారానికి ఐదు రోజులు, రోజుకి వంద షాట్లకి తక్కువ లేదు. పెల్లెట్ల డబ్బాలో 500 ఉంటాయి. వారానికో డబ్బా ఖాళీ. ఏటా రెండు మూడు మ్యాచ్‌లు, రైల్లో రాత్రి ప్రయాణం.

ఈ ఆట తెలియని వాళ్లకి కొంచెం చెప్పాలి. నిలబడి, ఏ ఆనూ లేకుండా, ఒంటి చేత్తో కాల్చాలి. మ్యాచ్ అంటే 75 నిమిషాల్లో 60 షాట్లు. దానికి ముందు సరిచూసుకోవడానికి ఇంకో 15 నిమిషాలు. పది మార్కులొచ్చే వలయం అడ్డం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా బొత్తామంత. పది మీటర్ల దూరంలో ఆ బొత్తాం. చేతిలో ఉన్నది దాదాపు కిలో. చూసేవాళ్లకి ఆ మనిషి ఏమీ చెయ్యకుండా నిలబడినట్టే ఉంటుంది. ఆ ఏమీ చెయ్యకపోవడమే ఇక్కడ పని.

మొదటి రోజు

కుడి భుజం నాలుగు నెలలుగా నొప్పి. రాత్రి ఆ పక్కకి తిరిగితే మెలకువ వస్తుంది. అటక మీది డబ్బా అందుకోలేరు. 560 దాటే స్కోరు 537కి పడింది. నాతో చెప్పిన వరుస మాత్రం తిరగేసి ఉంది: ముందు స్కోరు, తర్వాత అటక, ఆఖర్న నిద్ర.

చెయ్యి పక్కకి లేపమన్నాను. 70 డిగ్రీల దాకా హాయిగా లేచింది. అక్కడ మొహం ముడుచుకుంది. 115 దాటాక మళ్లీ తేలికైంది. భుజం పైభాగంలో సుప్రాస్పైనాటస్ అనే కండరం ఉంటుంది. దాని టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కట్టే పట్టీ, నలిగితే సాధారణంగా 60కీ 120కీ మధ్యే నొప్పి. పిస్టల్ పట్టిన చెయ్యి నిలిచేది సరిగ్గా 90 దగ్గర. ఆ నొప్పి మేర నట్టనడుమ రోజుకి వందసార్లు చెయ్యి నిలబెట్టిన మనిషి ఈయన. స్కానింగ్‌లో టెండన్ కొంత మేర చిరిగినట్టు వచ్చింది, పూర్తిగా తెగలేదు. ఈ వయసులో ఇలాంటి చిరుగులు నొప్పి లేనివాళ్లలో కూడా కనిపిస్తాయి, కాబట్టి ఆ రిపోర్టు చూసి నేను కంగారు పడలేదు.

ఒంటికాలి మీద నిలబడమంటే కుడికాలి మీద 18 సెకన్లు, ఎడమకాలి మీద 9. బీపీ 150/92, నాడి 92. రాసుకున్నాను. రాసుకుని ఊరుకున్నాను. ఆ రెండు అంకెలు అసలు కథ చెప్తున్నాయని నాకు నెల తర్వాత గానీ తెలియలేదు.

అందరం చెప్పేదే చెప్పాను: మూడు వారాలు పిస్టల్ ముట్టుకోవద్దు. వ్యాయామాలు రాసిచ్చాను.

మూడు వారాల తర్వాత నొప్పి పదిలో ఆరు నుంచి మూడుకి దిగింది. నాకు సంతోషమైంది. నాలుగో రోజు సార్ రేంజికి వెళ్లి, కరువు తీరా 90 షాట్లు కాల్చారు. ఐదో రోజు నొప్పి ఏడు.

ఈసారి సార్‌తో పాటు అమ్మగారు కూడా వచ్చారు. "ఈయన్ని ఇంట్లో కూచోబెట్టమాకమ్మా నీకు పుణ్యముంటాది. గోడ గడియారం కింద ఈజీచెయిర్ ఏసుకోని, కరెంటోళ్లని, పాలోణ్ని, నన్నూ వరసగా తిట్టినాడు" అన్నారు. సార్ కిటికీ వైపు తిరిగారు. అమ్మగారు ఆగలేదు. "మాత్ర సంగతి చెప్పినాడా నీకు? మ్యాచ్ వస్తా ఉందంటే గుండె మాత్ర ఆపేస్తాడు. పోటీకి మునుపు ఆపల్లంట. ఎవురు చెప్పినారో ఏమో."

మాత్ర

గుండె లయ అప్పుడప్పుడు తప్పుతోందని రెండేళ్ల కిందట గుండె డాక్టరు సార్‌కి మెటోప్రొలాల్ రాశారు. అది బీటా బ్లాకర్. గుండె వేగం తగ్గిస్తుంది, చేతి వణుకూ తగ్గిస్తుంది. అందుకే షూటింగ్‌లో ఈ మందుల మీద నిషేధం ఉంది. పోటీ రోజు మాత్రమే కాదు, మిగతా రోజుల్లో కూడా. ఈ చివరి ముక్క సార్‌కి తెలియదు. మ్యాచ్‌కి కొన్ని వారాల ముందు ఆపితే చాలనుకున్నారు.

అలా ఉన్నట్టుండి ఆపడమే ఎక్కువ ప్రమాదం. అణిచిపెట్టిన గుండె వేగం ఎదురు తిరుగుతుంది, బీపీ ఎగబాకుతుంది, గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే ఏకంగా గుండెపోటే రావచ్చు. నేను మొదటి రోజు చూసిన 150, 92 అవే. ఆగస్టు చివర్లో మ్యాచ్ ఉంది కదా, సార్ మాత్ర ఆపి వచ్చారు. నేను భుజం చూస్తూ కూర్చున్నాను.

డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. వేరే మాత్ర కుదురుతుందా అని అడిగాను. బీపీకి మాత్రమే అయితే నిషేధం లేని మందులు, అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటివి ఉన్నాయి. (నీరు పోయే మాత్రలు మాత్రం ఆ జాబితాలోనే ఉంటాయి. బీపీ ఉన్న ఏ షూటరైనా తన చీటీ ఒకసారి చదువుకోవాలి.) కానీ సార్‌కి ఈ మాత్ర గుండె లయ కోసం. మార్చేది లేదని డాక్టరు తేల్చేశారు. వైద్య కారణాలు చూపించి మినహాయింపు అడిగే దారి ఉంది గానీ, మందే గురికి సాయం చేస్తుంది కాబట్టి షూటర్లకి అది దొరకడం బహు అరుదు.

బయట మెట్ల మీద నేను నోరు జారాను. "మీ వయసు విభాగంలో ఎవరొచ్చి మందుల పరీక్ష చేస్తారు సార్?" అన్నాను.

సార్ ఆగారు. "చేస్తారా చెయ్యరా అనేది కాదమ్మా. స్టెప్పు తప్పయితే జవాబు రైటయినా నేను మార్కులిచ్చినోణ్ని కాదు, ముప్పై ఏండ్లు. అయితే మ్యాచ్‌లు లేవు. అంతే కదా?"

ఆటోలో ఇంటిదాకా మాట్లాడలేదు. మర్నాడు ఫోన్ చేసి ఒకటే అడిగారు: "మ్యాచ్ లేకపోతే ప్రాక్టీసు దేనికి?"

నాకు జవాబు తెలియదు. తిరిగి నేనే ఒకటి అడిగాను. ఈ ఆటలోంచి ఏ ఒక్కటి తీసేస్తే మీకింక రేంజి మొహం చూడబుద్ధి కాదు? వారం ఆలోచించి చెప్పండి, వ్యాయామాలు మాత్రం మానొద్దు అన్నాను.

లెక్కపెట్టిన సాయంత్రం

ఆ వారంలోనే రేంజికి వెళ్లాను. ఊరి అంచున రేకుల షెడ్డు. కాగితం టార్గెట్లు, కప్పీ తిప్పితే తీగ మీద వస్తాయి పోతాయి. సార్‌ని 40 షాట్లు కాల్చమని, వెనక స్టూలేసుకుని నోట్‌బుక్‌లో గీతలు గీస్తూ కూర్చున్నాను. షాటుకో నిలువు గీత. చెయ్యి లేపి, గురి కుదరక కాల్చకుండా దించేస్తే అడ్డగీత.

నిలువు గీతలు 40. అడ్డగీతలు 31.

అంటే చెయ్యి 71 సార్లు లేచింది. కుదరకపోతే దించెయ్యమని ఏ కోచ్ అయినా చెప్తాడు, అది మంచి అలవాటే. కానీ భుజానికి కాల్చిన చెయ్యీ కాల్చని చెయ్యీ ఒకటే బరువు. సగటున ఒక్కోసారి 12 సెకన్లు. 71 పన్నెండ్లు 852, అంటే 14 నిమిషాలకి పైగా. 40 షాట్లకే ఇది. వంద షాట్ల రోజు సంగతి సార్‌కి వదిలేశాను, ఆయన నోట్లోనే గుణించుకున్నారు.

ఇంకోటి కూడా చూశాను. చెయ్యి లేపిన ప్రతిసారీ గడ్డం పైకి పోతోంది, దాంతో పాటు కుడి భుజం చెవి వైపు ఎక్కుతోంది. మొదట అది భుజం నీరసం అనుకున్నాను. కాదు, కళ్లద్దాలు. సార్‌వి ప్రోగ్రెసివ్ లెన్సులు, పైన దూరం, కింద దగ్గర. పిస్టల్ షూటర్ టార్గెట్‌ని స్పష్టంగా చూడకూడదు. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న ఫ్రంట్ సైట్, అంటే పిస్టల్ కొసనుండే గురి మొన, స్పష్టంగా కనిపించాలి, టార్గెట్ మసగ్గా ఉన్నా పర్వాలేదు. ఆ దూరానికి పనికొచ్చే ముక్క ఈ లెన్సులో మధ్యలో ఎక్కడో సన్నగా ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ గడ్డం లేస్తోంది.

దీనికి మందు నా దగ్గర లేదు, కళ్లద్దాల షాపులో ఉంది. ఆప్టోమెట్రిస్టుకి పిస్టల్ పొడవు, చెయ్యి పొడవు కొలిచి రాసిచ్చాను. దూరం నంబరుకి 0.50 కలిపి, ఒకే పవరుతో కుడి కంటికి లెన్సు చేసిచ్చాడు. పది రోజుల తర్వాత చూస్తే గడ్డం కిందికి దిగింది, భుజమూ దిగింది. ఇన్ని వారాల నా వ్యాయామాల కన్నా ఆ ఒక్క లెన్సే ఎక్కువ పని చేసిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

తేలిక పిస్టల్ బేరం

ఈ మధ్యలో సార్ ఇంకో ఉపాయం పట్టుకొచ్చారు. ఇప్పుడున్న పిస్టల్ 980 గ్రాములు. 200 గ్రాములు తక్కువున్న మోడల్ ఉందట, పాతది అమ్మి అది కొంటానన్నారు. నాకూ సబబే అనిపించింది. అయినా ఊరికే, "లెక్కేద్దామా సార్?" అన్నాను. ఆ మాట అనేసరికి మనిషి నిటారుగా కూర్చున్నారు. నా చీటీ వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీశారు.

భుజం కీలు నుంచి పిస్టల్ దాకా 65 సెంటీమీటర్లు. 0.98ని 65తో గుణిస్తే దాదాపు 64. "చేతి బరువెంత?" అని అడిగారు. ఒంటి బరువులో ఇంచుమించు ఇరవయ్యో వంతు, సార్‌కి మూడున్నర కిలోలు వేసుకోవచ్చు అన్నాను. దాని బరువు కేంద్రం 30 సెంటీమీటర్ల దగ్గర. మూడున్నర ముప్పైలు 105. రెండూ కలిపితే 169. ఇప్పుడు 200 గ్రాములు తగ్గిస్తే పోయేది 13. సార్ 13 కింద గీత గీసి, కింద 169 రాసి, కాసేపు చూశారు.

"నూటికి ఎనిమిది. ఇంత డబ్బు పోసి ఎనిమిదా? నా చెయ్యే నాకు బరువు అని చెప్పకూడదా నువ్వు?"

అదే చేతిని 71 సార్లకి బదులు 30 సార్లు లేపితే సగానికి పైగా తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. ఈ ముక్క నేను చెప్పలేదు, సారే చీటీ చివర రాశారు. ఆ చీటీ నా ఫైల్లో ఉంది.

వారం తర్వాత జవాబు

నా ప్రశ్నకి జవాబు కాగితం మీదే తెచ్చారు. రెండు వరసలు. వద్దనుకున్నవి: రాత్రి రైలు, హోటల్ తిండి, వంతు కోసం గంటల తరబడి ఎదురుచూపు, రెండో పది అయ్యేసరికి మనసులో మొత్తం కూడుకోవడం. ఉండాలనుకున్నవి మూడే. పెల్లెట్ కాగితంలో దిగిన చప్పుడు. రేంజిలో పిల్లలు. మూడోది వివరంగా రాశారు: ట్రిగ్గర్ మెల్లగా లాగుతా ఉండగా ఎప్పుడు పేలిందో తనకే తెలియని ఆ షాటు, రోజుకి నాలుగో ఐదో పడేది.

మ్యాచ్ అనే మాట రెండు వరసల్లోనూ లేదు. చూపించాను. "మరిచిపోయినానేమో" అన్నారు. మరిచిపోయే మనిషి కాదు.

దాన్నిబట్టి మోతాదు కట్టాం. వారానికి రెండు రోజులు, మంగళవారం, శనివారం. రోజుకి 30 షాట్లు, పదేసి చొప్పున మూడు విడతలు. విడతకీ విడతకీ మధ్య ఐదు నిమిషాలు కుర్చీలో. చెయ్యి లేపడం రోజుకి 45 సార్లు దాటకూడదు. వరసగా రెండుసార్లు కాల్చకుండా దించితే, పిస్టల్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టి కూర్చోవాల్సిందే. 45 అయిపోయాయంటే షాట్లు మిగిలినా ఇంటికే. మిగిలిన పెల్లెట్లు డబ్బాలోకి.

మొదటి నెల సగం షాట్లు ఆనించి కాల్చమన్నాను. దానికి పెద్ద గొడవైంది. "ఊతకర్రతో కాల్చేదా? అది షూటింగా?" జర్మనీలో 50 దాటిన వాళ్లకి స్టాండ్ మీద ఆనించి కాల్చే పోటీలే వేరుగా నడుస్తాయని చదివి వినిపిస్తే, "వాళ్లు జర్మనోళ్లు" అన్నారు. అయినా కాల్చారు. చెయ్యి మొయ్యక్కర్లేనప్పుడు ట్రిగ్గర్ మీద ధ్యాస కుదిరి, ఆ తెలియకుండా పేలే షాటు పదికి ఆరు పడిందని ఆయనే వచ్చి చెప్పారు. నెల అయ్యాక కూడా శనివారం మొదటి పది ఆనించే కాలుస్తున్నారు. పిల్లలు చూడకుండా, తొందరగా వెళ్లి.

స్కోరు రాసే పుస్తకం అమ్మగారి బీరువాలోకి వెళ్లింది. దాని బదులు స్కేలు. పది షాట్ల గుంపు ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎన్ని మిల్లీమీటర్లో కొలవడం, ఎక్కడ పడ్డాయన్నది పట్టించుకోకపోవడం. లెక్కల మనిషి దగ్గర అంకెలన్నీ లాక్కుంటే ఉండలేడు, ఏదో ఒకటి చేతిలో పెట్టాలి.

వ్యాయామాల గురించి ఎక్కువ చెప్పను, ఎక్కడైనా ఉండేవే. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, చేతి వెనక భాగంతో గుమ్మాన్ని 30 సెకన్లు నెట్టడం, ఐదుసార్లు. పక్కకి పడుకుని అర లీటరు నీళ్ల సీసాతో చెయ్యి బయటికి తిప్పడం. గోడకి పుషప్‌లు. కాళ్లకి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం. ఆఖరిది మాత్రమే సార్ ఒక్కరోజు కూడా మానలేదు.

ఆ తర్వాత

సాఫీగా ఏమీ జరగలేదు. నవంబరులో సార్ దగ్గర నేర్చుకునే తొమ్మిదో తరగతి పాప, ఆయన జీవితంలో కొట్టిన అత్యధిక స్కోరు దాటేసింది. ఆ సాయంత్రం స్వీట్లు పంచి, మర్నాడు నా దగ్గరికొచ్చి భుజం పరీక్ష చెయ్యమన్నారు. భుజం బాగానే ఉంది. ఆ మాటే చెప్పాను. ఇంకో పావుగంట కూర్చుని వెళ్లారు.

సంక్రాంతికి పాత స్నేహితులు ఊళ్లోకి దిగి, "ఒక్కసారి పూర్తి అరవై" అన్నారు. కాల్చారు. 75 నిమిషాలూ నిలబడ్డారు. రెండు వారాలు కుడివైపు పడుకోలేదు. నాకు ఫోన్ చెయ్యలేదు, అమ్మగారు చేశారు. ఈసారి నేను పూర్తిగా ఆపమనలేదు. 30ని 15 చేసి, అన్నీ ఆనించి కాల్చమన్నాను. ఆగస్టు నాటి తప్పు మళ్లీ చెయ్యదలుచుకోలేదు.

2025 ఫిబ్రవరి చివర, ఆరు నెలలకి చూస్తే: మామూలు రోజు నొప్పి ఒకటి, కాల్చిన రాత్రి రెండు. కుడిపక్కకి తిరిగి నిద్ర. అటక అందుతోంది. ఎడమకాలి మీద 21 సెకన్లు. మాత్ర రోజూ, బీపీ 128/80. స్కానింగ్‌లో చిరుగు అలాగే ఉంది, అది పోతుందని నేను మాటివ్వలేదు. మొదట్లో 537 అంటే షాటుకి 8.95. బీరువా తాళం అమ్మగారి దగ్గరే ఉన్నా, సార్ రహస్యంగా కూడారని నాకు తెలుసు: 30 షాట్లకి 273, షాటుకి 9.1.

ఇలాంటి మనిషి మళ్లీ వస్తే ఏం చేస్తానని తోటి ఫిజియోలు అడిగారు. భుజం కన్నా ముందు మాత్రల చీటీ చూస్తాను. కళ్లద్దాలు పెట్టుకుని చెయ్యి లేపమంటాను. మొదటి రోజే ఇంట్లో వాళ్లని రమ్మంటాను. రేంజికి నెల తర్వాత కాదు, ఆ వారమే వెళ్తాను.

పోయిన శనివారం సార్ వచ్చారు, నొప్పి కోసం కాదు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లూ ఎక్కొచ్చా అని. గుండె డాక్టరు సరేనంటే ఎక్కండి, మధ్యమధ్య కూర్చోండి, దిగేటప్పుడు మాత్రం బస్సులో రండి అన్నాను. తల ఊపి, సంచిలోంచి పెల్లెట్ల డబ్బా తీసి నా బల్ల మీద ఆడించారు. అడుగున కొన్ని గలగలమన్నాయి. "డిసెంబర్‌లో కొన్నది. ఇంకా ఉన్నాయి చూడు" అన్నారు. చెప్పడంలో ఫిర్యాదు ఎంతో, గొప్ప ఎంతో నాకు అంతుపట్టలేదు. మంగళవారం ఎన్ని గంటలకి వెళ్తున్నారని అడిగితే, ఐదుకి పిల్లలొస్తారు కాబట్టి నాలుగున్నరకే అన్నారు.